సిస్‌ఇంటర్నల్స్ సూట్: కొత్త వెర్షన్ వేసుకునే పద్ధతిపై ఒక సమీక్ష

విండోస్ కంప్యూటర్లను చక్కదిద్దే పనిలో ఉన్నవారికి సిస్‌ఇంటర్నల్స్ సూట్‌ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మార్క్ రుస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో ప్రారంభించిన ఈ ఉచిత సాధనాలు 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చాయి. నడుస్తున్న ప్రోగ్రాములను చూపే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, విండోస్‌తోపాటు వాటంతటవే మొదలయ్యేవాటిని చూపే ఆటోరన్స్ వంటివాటి గుణగణాలపై ఇప్పటికే కావలసినంత చర్చ జరిగింది కనుక, అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ ఫైళ్లను వేసుకునే పద్ధతి వరకే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

జిప్ రూపంలో తెచ్చుకుంటే దీనికి ఇన్‌స్టాలర్ ఉండదు. ప్రతిసారీ మొత్తం సూట్ ఒకే జిప్ ఫైలుగా దిగుతుంది కాబట్టి, మధ్యలో ఎన్ని వెర్షన్లు వదిలేసినా ఇబ్బంది లేదు. పాత ఫోల్డర్‌కు ఒక నకలు తీసి పక్కన పెట్టుకుంటే వెనక్కి వెళ్లడమూ అంతే తేలిక. చాలా సాధనాల సెట్టింగులు విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో ఉంటాయి, అందువల్ల ఫైళ్లు మారినా మనం పెట్టుకున్న అమరికలు చెక్కుచెదరవు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఇదే పెద్ద బలం.

అయితే ఇన్‌స్టాలర్ చేయవలసిన పనులన్నీ మన మీద పడతాయి. బ్రౌజరుతో దించిన జిప్‌కు విండోస్ ‘ఇంటర్నెట్ నుంచి వచ్చింది’ అనే గుర్తు తగిలిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌తో విప్పితే ఆ గుర్తు లోపలి ఫైళ్లకూ పాకి, సీహెచ్‌ఎం సహాయ ఫైళ్లు తెరుచుకున్నా పాఠం కనిపించదు. కాబట్టి విప్పకముందే జిప్ ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ పెట్టెలో టిక్కు పెట్టాలి. ఆ తరువాత, పాత ఫోల్డర్‌లో ఉన్న సిగ్‌చెక్ అనే సాధనంతోనే కొత్త ఫైళ్ల డిజిటల్ సంతకాలను, అంటే అవి అసలు తయారీదారు నుంచే వచ్చాయని చూపే గుర్తులను, చూసుకోవడం మంచిది; కొత్త సిగ్‌చెక్‌కు తానే సాక్ష్యం చెప్పుకునే అవకాశం ఇవ్వడమెందుకు?

నడుస్తున్న ప్రోగ్రాము ఫైలును మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. ఏ ప్రాసెస్ ఏ ఫైలును పట్టుకుని ఉందో చెప్పడానికి హ్యాండిల్, మార్పిడిని తదుపరి బూటు వరకు వాయిదా వేయడానికి మూవ్‌ఫైల్, అలా వాయిదా పడినవాటిని చూపడానికి పెండ్‌మూవ్స్ ఈ ప్యాకేజీలోనే ఉన్నాయి. తన అప్‌డేట్‌కు కావలసిన సరంజామా తనలోనే ఉన్న ప్యాకేజీ ఇంకొకటి నాకు తారసపడలేదు.

కొత్త వెర్షన్‌ను ఎప్పుడూ అదే ఫోల్డర్‌లో పాతవాటి మీదే వేయాలి. టాస్క్ మేనేజర్ స్థానంలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌ను పెట్టుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఆ అమరిక ప్రోగ్రాము పూర్తి దారిని రిజిస్ట్రీలో రాస్తుంది; తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి పాతదాన్ని తొలగిస్తే, టాస్క్ మేనేజర్ కోసం కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కినా ఏదీ తెరుచుకోదు.

నాకు నచ్చని అంశం సిస్‌మాన్, అంటే కంప్యూటరులో జరిగే సంఘటనలను నమోదు చేసే సాధనం. ఇది తెర వెనుక ఎప్పుడూ నడిచే సర్వీసుగా పనిచేస్తుంది, ఇన్‌స్టాల్ చేసినప్పుడు తన నకలును విండోస్ ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. కాబట్టి మన ఫోల్డర్‌లో కొత్త ఫైలు వేసినంత మాత్రాన నడిచే సర్వీసు మారదు. అప్‌డేట్ పూర్తయిందని మనం అనుకుంటున్నప్పుడు పాత వెర్షనే సంఘటనలను నమోదు చేస్తూ ఉంటుంది. ఏవేవి నమోదు చేయాలో చెప్పే కాన్ఫిగరేషన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును భద్రపరచుకుని, పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, అదే కాన్ఫిగరేషన్‌తో కొత్తదాన్ని ఇన్‌స్టాల్ చేయాలి. సర్వీసు ఆగి ఉన్నంతసేపు సంఘటనలు నమోదు కావు. అందువల్ల సర్వర్ల మీద ఈ పనికి వేళ చూసుకోక తప్పదు. మిగతా సాధనాల విషయంలో మెచ్చుకున్న సరళత ఇక్కడ పూర్తిగా లోపించింది.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఇదే సూట్ ఉంది. అక్కడి నుంచి వేసుకుంటే అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. సొంత కంప్యూటరులో అప్పుడప్పుడు వాడుకునేవారికి నేను దాన్నే సూచిస్తాను. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పలు కంప్యూటర్ల దగ్గరికి వెళ్లేవారికి, స్టోర్‌ను నిలిపివేసిన కార్యాలయాల్లో పనిచేసేవారికి మాత్రం జిప్ ఫైలే గతి.