పదేపదే తిరగబెట్టే పెరికార్డైటిస్‌కు కొల్చిసినా, స్టెరాయిడా?

గుండెను చుట్టి ఉండే పొర ఒకసారి వాచి తగ్గి, కనీసం 4 నుంచి 6 వారాలు బాగున్నాక మళ్లీ వాచినప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ వేగంగా పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటే పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఉపశమించే ఆ ఛాతీనొప్పి కొద్ది రోజుల్లోనే సద్దుమణుగుతుంది. అయితే మోతాదు తగ్గిస్తున్నకొద్దీ జబ్బు తిరగబెట్టడం తరచుగా కనిపిస్తుంది. అందువల్ల కొందరు నెలల తరబడి ఆ మందును విడవలేక, ఎముకల బలహీనత, మధుమేహం వంటి కొత్త బాధలకు లోనవుతారు.

వాపును తగ్గించే కొల్చిసిన్ అనే మందును ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందుతో కలిపి, సాధారణంగా 0.5 మిల్లీగ్రాముల చొప్పున, 70 కిలోల లోపు బరువున్నవారికి రోజుకు ఒకసారి, ఆపై వారికి రెండుసార్లు, కనీసం 6 నెలలు ఇస్తారు. 2011లో వెలువడిన కార్ప్ అధ్యయనంలో 18 నెలల నాటికి జబ్బు తిరగబెట్టినవారు కొల్చిసిన్ వాడినవారిలో 24 శాతం, వాడనివారిలో 55 శాతం. ఇంత తేడా చూపిన పాత, సాధారణ మందును పక్కన పెట్టడం నాకు సమంజసంగా తోచదు. విరేచనాలు దీని ప్రధాన ఇబ్బంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలపడం ప్రమాదకరం.

నొప్పి మందులు పడనివారికి, రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడిచేసే లూపస్ వంటి జబ్బులున్నవారికి స్టెరాయిడ్ అవసరం కావచ్చు. అప్పుడైనా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చాలా నెమ్మదిగా తగ్గిస్తూ, వీలైతే కొల్చిసిన్‌ను కొనసాగించడమే మేలు.