అల్యూమినియం బాణాలు తెప్పించుకుంటున్నారా, స్టిక్కర్ కింద ఏముందో చూడకుండా కొట్టకండి

టెక్సస్‌లో బో హంటింగ్ (విల్లు, బాణాలతో వేట) చేసే మనోళ్ళందరికీ, ముఖ్యంగా ఈ సీజన్‌కి కార్బన్ వదిలేసి బరువైన అల్యూమినియం బాణాలకి మారదామనుకునేవాళ్ళకి చెప్తున్నా, ఆన్‌లైన్‌లో రెడీమేడ్ డజను కొనేముందు ఇది చదవండి.

నాది కాంపౌండ్ బో, అంటే కప్పీలున్న విల్లు, తాడు లాగడానికి 60 పౌండ్ల బలం పడుద్ది. పాత కార్బన్ బాణం 380 గ్రెయిన్లు (బాణం బరువు కొలత, గ్రాముకి పదిహేను దాకా), స్పీడ్ బానే ఉండేది గానీ బో చప్పుడు ఎక్కువ, ఆ చప్పుడికే జింక కిందకి కుంగేది. బాణం బరువు పెరిగితే చప్పుడు తగ్గుద్ది, లోపలికి బాగా దిగుద్ది కూడా, అందుకని 2117 సైజు డజను తెప్పించా, 120 డాలర్లు. అన్నీ కొత్తవి, ఒకే బరువు అని రాశాడు సెల్లర్. ఒక్కోదానికి ముదురు ఆకుపచ్చ స్టిక్కర్ చుట్టి చూడ్డానికి భలే ఉన్నాయి.

బరువు పెరిగింది కాబట్టి 30 గజాల్లో ఆరంగుళాల దాకా కిందకి పడతాయి, అది మామూలే, పిన్‌లు (బో మీద గురి చూసే గుర్తులు) మళ్ళీ సెట్ చేసుకున్నా. తొమ్మిది బాణాలు గుప్పిట్లో పట్టేంత దగ్గరగా పడుతున్నాయి, మూడు మాత్రం ఎప్పుడు కొట్టినా మూడంగుళాలు కింద, కాస్త పక్కకి. నా రిలీజ్‌లో (తాడు వదలడంలో) తప్పేమో అనుకుని వారం రోజులు భుజం లాగేసేదాకా కొట్టా. చివరికి బాణాలకి నంబర్లు రాసి చూస్తే ప్రతిసారీ అవే మూడు.

స్కేల్ మీద పెడితే తొమ్మిది 500 గ్రెయిన్ల దగ్గర, ఆ మూడు 550. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి స్టిక్కర్ పీకితే కింద 2219 అని అచ్చు! మొదటి రెండంకెలు బయటి లావు, అంగుళంలో 64వ వంతుల్లో, చివరి రెండు గోడ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. అంటే రెండు సైజుల మధ్య లావులో తేడా అర మిల్లీమీటర్ కూడా లేదు, పైన స్టిక్కర్ ఉంటే కంటికి ఎక్కడ ఆనుద్ది. బరువు వేరు, స్పైన్ (బాణం వంగకుండా ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే కొలత) వేరు. అనుమానమొచ్చి మిగతావీ పీకితే ఒకదాని కింద గోరు దిగేంత సొట్ట, ఎవరో వాడి పడేసింది. వంకరైతే స్ట్రెయిట్‌నర్‌తో సరిచెయ్యొచ్చు, సొట్ట పడింది మాత్రం బో మీద పెట్టకూడదు, పారెయ్యడమే.

సెల్లర్‌కి ఫొటోలు పంపా. ఒకసారి కొట్టాక రిటర్న్ లేదన్నాడు, తర్వాత జవాబే లేదు.

డబ్బులు పోతే పోయాయి. ఊపిరితిత్తులకి తగలాల్సిన బాణం పక్కకెళ్ళి పొట్టలో దిగితే ఆ జింక పొదల్లోకి పోయి గంటలు గంటలు నరకం చూసి చస్తుంది, మనకి దొరకను కూడా దొరకదు, నా కోపం అందుకు. ఇక్కడోళ్ళకి ఇవన్నీ తాతలు చెప్తారు, ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దగ్గర్నుంచి వేట మీద కట్టడే, మనకి ఇంట్లో చెప్పేవాళ్ళెవరు? రాసిందే నమ్మి కొంటాం.

కాబట్టి షాఫ్ట్ (బాణం గొట్టం) మీద నంబర్ కనపడేవే కొనండి, మీ బో పౌండ్లకీ బాణం పొడవుకీ ఏ స్పైన్ కావాలో చార్ట్‌లో చూసుకోండి, రాగానే ఒక్కోటీ తూచి, గాజు టేబుల్ మీద దొర్లించి, ఎగిరెగిరి పడుతుంటే కొట్టకుండానే వెనక్కి పంపండి. ఆకుపచ్చ స్టిక్కర్‌వి ఎవరైనా ఇప్పటికే తెప్పించుకుని ఉంటే సీజన్ దాకా ఆగకండి, ఇవాళే పీకి చూడండి.