సెల్ఫ్ తిరిగినా బండి స్టార్ట్ కానప్పుడు: ఓబీడీ స్కానర్‌ను కొన్నేళ్ళు వాడాక

కారులోని కంప్యూటర్ ఇచ్చే సమాచారాన్ని ఫోనులో చూపించే ఈఎల్‌ఎం 327 రకం బ్లూటూత్ ఓబీడీ స్కానర్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, దాన్ని ఎక్కడ గుచ్చాలి, ఫోనుతో ఎలా కలపాలి అన్న వివరాల జోలికి నేను వెళ్ళను. కొన్నవారిలో ఎక్కువమంది దాన్ని ఇంజన్ లైటు వెలిగినప్పుడు కంప్యూటర్ రాసుకున్న లోపం కోడ్ చదవడానికి, చదివిన కోడ్‌ను తుడిచేయడానికి మాత్రమే వాడుతున్నారు. కొన్నేళ్ళుగా నా పెట్రోల్ కారులో దీన్ని ఉంచుకున్న నాకు మాత్రం అందులో అన్నింటికన్నా విలువైనది కోడ్ కాదు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఫోను తెర మీద కనిపించే ఇంజన్ ఆర్‌పీఎం అంకె, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే అంకె. సెల్ఫ్ చక్కగా తిరుగుతూ కూడా ఇంజన్ అందుకోని పరిస్థితిలో ఆ ఒక్క అంకె నాకు ఎంత మేలు చేసిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద, నడి వేసవిలో, సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగాము. అప్పటిదాకా బండి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. భోజనం చేసి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ ఎప్పటిలాగే జోరుగా తిరిగింది గానీ ఇంజన్ ఒక్కసారి కూడా అందుకోలేదు. సెల్ఫ్ వేగం తగ్గలేదు కాబట్టి బ్యాటరీని అనుమానించాల్సిన పని లేదు. దగ్గరలోని మెకానిక్‌ను పిలిపించాము. ఆయన పని తెలిసిన మనిషి. ఇంజన్ దగ్గర పెట్రోల్ పైపు వదులు చేసి సెల్ఫ్ కొట్టించి చూశారు. మొదట కొంచెం పెట్రోల్ చిమ్మి, తర్వాత ఆగిపోయింది. వేడి ఇంజన్ మీద ఇలా చేయడం ప్రమాదమని ఈ సందర్భంలో చెప్పక తప్పదు. తర్వాత వెనక సీటు మీదకు వంగి, మరోసారి సెల్ఫ్ కొట్టించి, ట్యాంకులోని పంపు చప్పుడు వినబడుతుందేమోనని చూశారు. వినబడలేదు. "పంపు కొడ్తలేదు సార్, మార్చాల్సిందే" అన్నారు. అంటే బండిని టోయింగ్ చేయించాలి, వెనక సీటు లేపాలి, పంపు ఎక్కడినుంచో తెప్పించాలి, ఆ రోజు ప్రయాణం అక్కడితో ఆపుకోవాలి.

అప్పుడు డ్యాష్‌బోర్డు అరలో ఉన్న స్కానర్ తీసి పెట్టాను. కోడ్ ఒక్కటీ లేదు. కోడ్ కోసమే కొన్నవాళ్ళు ఇక్కడే నిరాశపడి దాన్ని పీకేస్తారు. నేను యాప్‌లో అప్పటికప్పుడు మారే అంకెలు చూపించే లైవ్ డేటా తెరిచి, ఆర్‌పీఎం, వోల్టేజి మాత్రమే తెర మీద ఉంచి, మెకానిక్‌ను సెల్ఫ్ కొట్టమన్నాను. వోల్టేజి 12 పైచిలుకు నుంచి 10 దగ్గరకు దిగి అక్కడే నిలబడింది. అది ఆరోగ్యకరమైన బ్యాటరీ లక్షణమే. ఆర్‌పీఎం మాత్రం సున్నా దగ్గర నుంచి కదలలేదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు మామూలు ఇంజన్ 150 నుంచి 300 వరకు ఎంతో కొంత చూపించాలి. ఇంజన్ తిరుగుతున్న చప్పుడు మా ఇద్దరి చెవులకూ స్పష్టంగా వినబడుతుంటే, బండిలోని కంప్యూటర్‌కు మాత్రం అది నిలిచిపోయిన ఇంజన్‌లాగే కనిపిస్తోంది.

ఆ సున్నాకు అర్థం తెలిస్తే మిగతాదంతా దానంతట అదే విడిపోతుంది. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది క్రాంక్ సెన్సర్. ఆ సంకేతం అందకపోతే కంప్యూటర్ ప్లగ్గులకు కరెంటు పంపదు, ఇంజెక్టర్లను తెరవదు. అంతేకాదు, పెట్రోల్ పంపును కూడా ఆపేస్తుంది. ప్రమాదంలో ఇంజన్ ఆగిపోయినా పంపు పెట్రోల్ పోస్తూ ఉండకూడదని చేసిన ఏర్పాటు అది. తాళం ఆన్‌లో పెట్టగానే పంపు రెండు సెకన్లపాటు తిరిగి పైపులో ఒత్తిడి నింపి ఆగుతుంది. ఇంజన్ తిరుగుతున్న సంకేతం వచ్చాకే మళ్ళీ మొదలవుతుంది. అందుకే పైపులోంచి మొదట కొంచెం చిమ్మి ఆగిపోయింది, అందుకే సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపు చప్పుడు లేదు. మెకానిక్ గమనించినవన్నీ నిజాలే, పంపు ఆగి ఉన్న మాటా నిజమే; కానీ అది చెడిపోయి ఆగలేదు, ఆపితే ఆగింది. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ మాత్రం చేసి ఆయన్ను మళ్ళీ వెనక సీటు దగ్గర చెవి పెట్టి వినమన్నాను. సన్నటి జుయ్‌మన్న చప్పుడు వినబడి ఆగింది. ఇక ఆయనకు వేరే వివరణ అవసరం లేకపోయింది.

క్రాంక్ సెన్సర్ ఎక్కడ ఉంటుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోట, ఒక్క బోల్టుతో బిగించిన బొటనవేలంత నల్లటి ముక్క, దానికి మూడు వైర్ల కనెక్టర్. కనెక్టర్ తీసి చూస్తే లోపల పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. ఇలాంటి సెన్సర్లు పాతబడితే వేడెక్కినప్పుడు మాత్రమే పనిచేయడం మానేస్తాయి. నడుస్తున్నంతసేపూ కాస్త గాలి ఆడుతుంది గానీ, ఇంజన్ ఆపాక ఆ వేడంతా సెన్సర్ చుట్టూనే నిలిచిపోతుంది. ఆయన గుడ్డ తడిపి దాని మీద వేసి, అది ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ తడిపారు. కొంతసేపయ్యాక సెల్ఫ్ కొడితే తెర మీద సున్నా, సున్నా, ఆ తర్వాత 210, వెంటనే 230, ఆ వెంటనే ఇంజన్ అందుకుంది. ఇంజన్ ఆపకుండానే విజయవాడ చేరి, ఆటోనగర్‌లో కొత్త సెన్సర్ వేయించాను. పంపు ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ. పాత సెన్సర్‌ను చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో పరీక్షిస్తే ఏ లోపమూ కనిపించలేదు. బండిని వర్క్‌షాపుకు చేర్చేసరికి అది చల్లారి మామూలుగా స్టార్ట్ కావడం, అక్కడివారు లోపమేమీ లేదని తిప్పి పంపేయడం, మళ్ళీ దారిలో ఆగిపోవడం ఎందుకు జరుగుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

క్రాంక్ సెన్సర్ లోపానికి పీ0335 అనే కోడ్ ఉన్నా అది ఆ రోజు ఎందుకు పడలేదని కొందరు అడిగారు. సున్నా సంకేతం చూసి ఇంజన్ ఆగి ఉందనుకునే కంప్యూటర్‌కు ఫిర్యాదు చేయడానికి కారణం కనబడదు. ఇంజన్ కవాటాలను నడిపే కడ్డీని గమనించే క్యామ్ సెన్సర్ ఇంజన్ తిరుగుతోందంటున్నా క్రాంక్ సెన్సర్ మౌనంగా ఉందని పోల్చి చూసి, అది చాలాసార్లు జరిగాకే కోడ్ రాసుకునే బండ్లు ఉన్నాయి. కోడ్ లేదంటే లోపం లేదని కాదన్న సంగతి ఈ పరికరం కొన్న ప్రతివారికీ తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఆ ప్రయాణం తర్వాత తెలిసినవారందరికీ దీన్ని కొనమని చెప్పాను. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. ఒక వానాకాలం ఉదయం మా బావగారి కారు ఇదే విధంగా మొరాయిస్తే స్కానర్ పట్టుకుని వెళ్ళాను. ఆర్‌పీఎం 200 పైన నిలకడగా వచ్చింది, కోడ్ లేదు. అంటే క్రాంక్ సెన్సర్ బాగుందని తేలింది, అంతకుమించి ఏమీ తేలలేదు. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు గబగబా మిణుకుమంటున్న సంగతి మా అక్క చూసి చెప్పింది. ఇంట్లో ఉన్న రెండో తాళం పెడితే బండి వెంటనే స్టార్ట్ అయింది. తాళంలోని చిప్పును గుర్తించకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ సంగతిని ఇలాంటి సాధారణ స్కానర్ మామూలుగా చూపించదు. పెట్రోల్ ఒత్తిడినీ చాలా పెట్రోల్ బండ్లలో చూపించలేదు, ఎందుకంటే దాన్ని కొలిచే సెన్సరే వాటిలో ఉండదు. ప్లగ్గుకు నిజంగా కరెంటు వస్తోందో లేదో కూడా చెప్పలేదు. సున్నా కనిపిస్తే దారి స్పష్టం. అంకె కనిపిస్తే వెతుకులాట అప్పుడే మొదలవుతుంది.

పరికరానికీ సొంత లోపాలున్నాయి. బ్యాటరీ బలహీనంగా ఉంటే సెల్ఫ్ కొట్టిన క్షణంలో వోల్టేజి పడిపోయి చవక స్కానర్ ఫోనుతో సంబంధం తెంచుకుంటుంది. అప్పుడు కనిపించే సున్నాను నమ్మకూడదు, వోల్టేజి అంకె కూడా కదులుతోందో లేదో చూడాలి. కంప్యూటర్‌తో ఒకే వైరు మీద మాట్లాడే పాత కే-లైన్ పద్ధతి బండ్లలో సమాచారం చాలా నెమ్మదిగా వస్తుంది కాబట్టి తెర మీద ఒకటి రెండు అంశాలకు మించి పెట్టుకోకూడదు. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టడం మోటారుకు మంచిది కాదు, ఆ కొద్ది సమయంలోనే అంకె రావాలి. ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. కాబట్టి స్కానర్‌ను అందులోనే వదిలేసి ఊరు వెళితే తిరిగి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయే అవకాశం ఉంది.

మన దేశంలో కార్లకు ఈ స్కానర్ పనిచేసే ఓబీడీ-2 ప్రమాణం ఏప్రిల్ 2013 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు తయారైన కారు ఉన్నవారు తమ బండిలో స్కానర్ పనిచేస్తుందో లేదో కొనేముందు కనుక్కోవాలి. వారంటీలో ఉన్న కారుతో ఊళ్ళోనే తిరిగేవారికి దీని అవసరం పెద్దగా లేదు. నాది వారంటీ దాటిన పెట్రోల్ బండి, నా ప్రయాణాలు ఎక్కువగా హైవే మీద; ఆ లెక్కన నాకు ఇది తప్పనిసరి. డీజిల్ బండ్ల మీద నాకు అనుభవం లేదు. కొన్నవారు మాత్రం బండి బాగున్న రోజే ఒక పరీక్ష చేసుకోండి: చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లు మూసుకుని ఉంటాయి, ఇంజన్ స్టార్ట్ కాకుండా తిరుగుతుంది. అలా తిప్పినప్పుడు ఆర్‌పీఎం కనబడని స్కానర్ అయితే, గడువు ఉండగానే అమ్మినవారికి తిరిగి ఇచ్చేయండి.