కారు తగిలిన సైకిలును చూసి, రాసిచ్చే దుకాణం

హైదరాబాదులో ఖరీదైన సైకిళ్లు అమ్మేవారికి కొరత లేదు గానీ, కారు గుద్దిన సైకిలును తీసుకెళితే ముందు క్షుణ్ణంగా పరీక్షించి, ఏయే భాగం ఎలా దెబ్బతిన్నదో కాగితం మీద పెట్టి, ఆ తరువాతే పానా చేతబట్టే మెకానిక్కులు అరుదు. ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డులో, ఎడమవైపు తిరుగుతున్న ఒక కారు మా తమ్ముడి సైకిలును తగిలినప్పుడు, గచ్చిబౌలి ప్రాంతంలోని అలాంటి ఒక చిన్న దుకాణానికి వెళ్లాము. వారి పనితీరు నాకు ఎంతో నచ్చింది.

సైకిలును స్టాండుకు ఎక్కించగానే మెకానిక్కు మట్టి కూడా తుడవకుండా అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోమన్నారు. తరువాత వెనుక చక్రం విప్పి, ఇరుసు కూర్చునే ఒక చీలిక నుంచి సన్నని దారాన్ని హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు చీలికకు బిగించారు. సీటు గొట్టానికి, దారానికి మధ్యనున్న ఖాళీని రెండు వైపులా స్కేలుతో కొలిచారు. ఆ రెండు కొలతలూ సమానంగా ఉంటే వెనుక భాగం వంకర పోలేదని అర్థం. మా సైకిలుకు అవి సమానంగానే వచ్చాయి. అయితే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కొద్దిగా వెనక్కి వంగిందనీ, గేర్లు మార్చే భాగాన్ని పట్టి ఉంచే చిన్న హ్యాంగరు లోపలికి ఒరిగిందనీ తేల్చారు. హ్యాంగరును సరిచేశారు గానీ, అల్యూమినియం ఫోర్కునూ, వంగిన హ్యాండిల్ బారునూ మాత్రం సాపు చేయబోమని చెప్పారు. ఉక్కును కొంతవరకు వంచి సరిచేయవచ్చు. అల్యూమినియాన్ని తిరిగి వంచితే అక్కడే బలహీనపడి, తరువాత ఎప్పుడో నడుస్తుండగా విరిగే ప్రమాదం ఉంటుంది. పని పోయినా ఫరవాలేదని అంత కచ్చితంగా చెప్పగలిగినవారి మీద నమ్మకం కుదురుతుంది.

వారు ఇచ్చిన రెండు పేజీల కాగితంలో భాగం పేరు, కనిపించిన దెబ్బ, మార్చాలా బాగు చేయాలా అన్నది, అంచనా ధర, తేదీ, దుకాణం ముద్ర ఉన్నాయి. ఈ కాగితానికి చాలా విలువ ఉంది. కారు ఢీకొన్న సైకిలిస్టు ఆ కారు బీమాకు మూడో పక్షం, అంటే కారు యజమానీ బీమా కంపెనీ కాని బయటి వ్యక్తి, అవుతాడు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి కారుకూ మూడో పక్షపు బీమా తప్పనిసరి. గాయాలకే కాకుండా ఆస్తి నష్టానికి కూడా పరిహారం కోరవచ్చు. బాగు చేయించిన తరువాత దెబ్బ ఎంతో నిరూపించడం కష్టం కాబట్టి, మరమ్మతుకు ముందే ఇలాంటి అంచనా చేతిలో ఉండాలి. విప్పిన భాగాలను కూడా చీటీలు కట్టి మాకే అప్పగించారు.

అయితే దుకాణానికి వెళ్లేలోగా జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. నొప్పి తెలియకపోయినా ముందు ఆసుపత్రికి వెళ్లి, రోడ్డు ప్రమాదమని చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు విచారణకు పనికొచ్చే వైద్య రికార్డుగా, నమోదు చేయించుకోవాలి. అవసరమైతే 108కు ఫోన్ చేయాలి. ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసింది. కారు నంబరుతో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బీమా అమలులో ఉందో లేదో చూడవచ్చు. అక్కడే రాజీ కుదుర్చుకొమ్మని డ్రైవరు బతిమాలినా పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడమే మేలు, ఎందుకంటే లోపలి దెబ్బలు మరుసటి రోజు గానీ బయటపడవు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ద్వారా, ప్రమాద పరిహారాన్ని తేల్చే క్లెయిముల ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయడానికి ఆరు నెలల గడువు పెట్టారు. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రమాదం వేరే ఊళ్లో జరిగినా, బాధితుడు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. స్థలం ఇరుకు, ధరల పట్టిక ఎక్కడా కనిపించదు, ఆదివారం ఉదయం సైకిలిస్టుల రద్దీ వల్ల చాలాసేపు నిలబడాలి. కార్బన్ ఫ్రేముల లోపలి పగుళ్లను కనిపెట్టే అల్ట్రాసౌండ్ పరికరం వారి దగ్గర లేదు. ఆ మాట ముందే చెప్పి, కార్బన్ సైకిలుకు నిర్ధారణ రాసివ్వరు. పరీక్షకు 800 రూపాయలు తీసుకున్నారు, అక్కడే బాగు చేయిస్తే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తారు.

హెల్మెట్ విషయంలో వారి పట్టుదలను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. పైన చిన్న గీత మాత్రమే కనిపిస్తున్న మా తమ్ముడి హెల్మెట్‌లో మెత్తని పట్టీలు తీసి, లోపలి తెల్లని నురుగు పొరలో వెంట్రుకంత పగులు చూపించారు. ఒకసారి నలిగిన ఆ పొర రెండో దెబ్బను ఆపజాలదు. కొత్తది తమ దగ్గరే కొనాలని ఒక్కసారి కూడా అనలేదు. పాతదాన్ని మాత్రం క్లెయిము తేలేదాకా పారేయవద్దని చెప్పి, దాని వివరం కూడా ఆ కాగితంలో చేర్చారు. గుద్దుకున్న సైకిలును తీసుకెళ్లేవారు మామూలు సర్వీసింగు అనకుండా, ప్రమాద పరీక్ష కావాలని మొదటే చెప్పి, అంచనాను విడిగా రాయించుకోవాలి.