లాంబాక్‌లో ఎనిమిది రోజులు: హలాల్ సరే, దుబారా సంగతి?

గదిలోకి అడుగు పెట్టగానే నాన్న పైకప్పు వైపు చూశారు. కిబ్లా, అంటే నమాజుకి తిరగాల్సిన మక్కా దిక్కు, చూపే బాణం గుర్తు ఉంది. సొరుగులో జానమాజ్ (నమాజు చదివే చాప) మడతపెట్టి ఉంది. "ఇక్కడ మనకి ఏ ఇబ్బందీ లేదురా" అని అప్పుడే వజూకి, అంటే నమాజుకి ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడానికి, లేచారు.

లాంబాక్ ఇండోనేసియాలో, బాలికి తూర్పున ఉన్న దీవి. వెయ్యి మసీదుల దీవి అంటారు. 2015లో ప్రపంచ ఉత్తమ హలాల్ పర్యాటక ప్రాంతంగా, అంటే ముస్లింల తిండికీ ఆచారాలకీ తగ్గ చోటుగా, అవార్డు కూడా వచ్చింది. నేను, మా ఆవిడ, నాన్న హైదరాబాద్ నుంచి బయల్దేరి కౌలాలంపూర్‌లో విమానం మారి వెళ్ళాం.

మొదటి మూడు రోజులు సముద్రం పక్కన ఒక రిసార్టులో ఉన్నాం. తిండికీ నమాజుకీ లోటు లేదు, మద్యం ఊసే లేదు. కానీ రోజూ గదిలో ఆరు చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పెట్టేవారు. మా స్టీలు సీసాలు నింపివ్వమని అడిగితే ఆ ఏర్పాటు లేదన్నారు. పొద్దున బఫేలో బిస్మిల్లా అని మొదలుపెట్టిన పళ్ళేలు సగం తిని వదిలేసినవే ఎక్కువ కనిపించాయి. నాన్న పెరిగింది కనిగిరి దగ్గర ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్ళో. ఆ బల్లల మధ్య నడవడానికే ఆయన ఇబ్బంది పడ్డారు. తినండి, తాగండి, దుబారా మాత్రం చేయకండి అని ఖురాన్‌లో ఉంది. హలాల్ అని బోర్డు పెట్టిన చోట ఇది కూడా లెక్కలోకి రావాలని నా గట్టి అభిప్రాయం. ఇండోనేసియా ఉలమా (మత పండితుల) మండలి అయితే 2014లోనే 47వ నంబరు ఫత్వాలో చెత్త ఎక్కడపడితే అక్కడ పారేయడం హరామ్ (మతం ప్రకారం నిషిద్ధం) అని తేల్చి చెప్పింది.

నాలుగో రోజు బంగ్సల్ రేవులో పడవెక్కి గిలి ఆయిర్ చేరాం. గిలి అంటే చిన్న దీవి, ఆయిర్ అంటే నీళ్ళు. కారు, బైకు లాంటివి ఇక్కడ నిషేధం. సైకిలు, లేదంటే చిదోమో అనే గుర్రబ్బండి. ఎండలో ఆ గుర్రాలు మోసే బరువు చూసి మేం సామాను కోసం ఒక్కసారే ఎక్కి, మిగతా రోజులు నడిచాం.

బస ఒక కుటుంబం నడిపే నాలుగు గదుల ఇంట్లో. ఏసీ చల్లదనం అంతంతమాత్రం, వేడినీళ్ళు లేవు. అయినా నా ఓటు దీనికే. వరండాలో పెద్ద నీళ్ళ క్యాన్ పెట్టి, ఎన్నిసార్లయినా నింపుకోమన్నారు. మనం ఎంత తింటామో ముందే అడిగి వండేవారు. ప్లెచింగ్ కాంగ్‌కుంగ్ అని మన తూటికూరే, ఉడికించి టమోటా మిరపకాయ చట్నీ వేసి ఇస్తారు. నాన్నకి గోంగూర బెంగ తీరింది.

ఆ ఇంటి వెనక వజూకి కుళాయి లేదు. ఒక తొట్టి, పొడుగు కాడ ఉన్న ప్లాస్టిక్ ముంత, అంతే. మొదటి రోజు మగ్రిబ్ (సూర్యాస్తమయపు నమాజు) వేళ నేను రెండు ముంతలు ఖర్చు చేశాను. నాన్న సగం ముంతతో పూర్తి చేశారు. గుక్కెడు నీళ్ళు పుక్కిలించి, మోచేతుల మీద సన్నగా జార్చుకుంటూ మరో అరచేత్తో రుద్దుకున్నారు. తల తుడిచి, కాలి వేళ్ళ సందుల్లో చిటికెనవేలు పోనిచ్చారు. ప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో, అంటే రెండు అరచేతులు కలిపి పట్టినన్ని నీళ్ళతో, వజూ చేసేవారని హదీసు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. కళ్ళారా చూసింది ఆ రోజే.

స్నార్కెలింగ్‌లో రెండు రకాలూ చూశాం. మొదటి పడవవాళ్ళు చేపలు రావాలని రొట్టె ముక్కలు విసిరారు. మాతో వచ్చినవాళ్ళు ఇద్దరు పగడాల మీదే నిలబడి ఫోటోలు దిగారు. పగడం ప్రాణి అని, కాలు పెడితే చచ్చిపోతుందని చెప్తే నవ్వేశారు. నాకు ఆ రాత్రంతా బాధగానే ఉంది. మర్నాడు వేరే పడవ మాట్లాడుకున్నాం. అతను లంగరు వేయకుండా నీళ్ళలో తేలే బోయాకి తాడు కట్టాడు. తాబేలు కనిపిస్తే ముట్టుకోవద్దని దిగకముందే చెప్పాడు. మా ఆవిడ ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు వేసుకుంది కాబట్టి సన్‌స్క్రీన్ ముఖానికి తప్ప అవసరం పడలేదు. ఆ క్రీముల్లో ఉండే ఆక్సీబెంజోన్ వల్ల పగడాలకి హాని అని హవాయిలో అమ్మకమే ఆపేశారు.

తిరుగు ప్రయాణంలో జకార్తాలో ఒక పూట ఆగి ఇస్తిఖ్లాల్ మసీదు చూశాం. 2022లో పర్యావరణ భవనంగా ఎడ్జ్ సర్టిఫికెట్ వచ్చింది, ఒక ప్రార్థనాలయానికి అది రావడం ప్రపంచంలోనే మొదటిసారి. పైకప్పు మీద 500కి పైగా సోలార్ పలకలున్నాయి. వజూ నీళ్ళని శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. మధ్యాహ్నం జొహర్ నమాజు అక్కడే చదివాం.

వెళ్ళాలనుకునేవాళ్ళు మే నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకోండి, వానలు తక్కువ. రిసార్టు మూడు రోజులు మాకు దండగ అనిపించింది, వారమంతా గిలి ఆయిర్‌లోనే ఉండొచ్చు. బుక్ చేసే ముందు హలాల్ వంట గురించి అడిగే మెసేజ్‌లోనే నీళ్ళ సీసాలు నింపుకునే వీలుందా, మిగిలిన అన్నం ఏం చేస్తారు అని కూడా అడగండి. వచ్చే ఏడాది మలేసియాలోని లంకావి దీవి అనుకుంటున్నాం. మూడు బసలకి రాశాను, ఒకళ్ళు మాత్రం క్యాన్ ఫోటో తీసి పంపారు.