రాగి రేకు మీద ఆయిల్ పెయింటింగ్: డబ్బులకి తగ్గ వస్తువేనా?

ముందే చెప్పేస్తున్నా, నైఫ్‌తో రంగు మందంగా పూసి గరుకుగా వదిలేసే స్టైల్ మీదైతే రాగి జోలికి వెళ్ళకండి, డబ్బులు దండగ. చిన్న సైజులో, సన్న బ్రష్‌తో, ఓపిగ్గా కూర్చుని పని చేసేవాళ్ళకి మాత్రం ఇంతకన్నా మంచి సర్ఫేస్ నేనైతే వాడలేదు. కాన్వాస్ మీద కనురెప్ప వెంట్రుక గీయబోతే నేత అడ్డొచ్చి గీత ముక్కలు ముక్కలవుతుంది చూడండి, ఆ గోల ఇక్కడ లేనే లేదు.

రాగిరేకు అనగానే మనకి అన్నమయ్య కీర్తనలే గుర్తొస్తాయి కానీ యూరప్‌లో 16వ శతాబ్దం రెండో సగం నుంచి దీని మీద బొమ్మలు తెగ వేశారు. ఆడమ్ ఎల్‌షైమర్ అని జర్మన్ పెయింటర్, రోమ్‌లో ఉండేవాడు, ఆయన పనంతా దాదాపు రాగి మీదే. 1609లో వేసిన ‘ఈజిప్టుకు పలాయనం’ మ్యూనిక్ మ్యూజియంలో ఉంది, సైజు 31 × 41 సెంటీమీటర్లు, అంతే, అందులోనే చుక్కలు, పాలపుంత, చందమామ, నీళ్ళలో దాని నీడ, ఓ పక్క చలిమంట అన్నీ పట్టించేశాడు, నెట్‌లో పెద్దది చేసి చూడండి మతి పోతుంది. డచ్ పెయింటర్ రెంబ్రాంట్ కూడా 1630లో తన బొమ్మ తనే ఓ చిన్న రాగి ముక్క మీద వేసుకున్నాడు, దాన్ని 2000లో స్టాక్‌హోమ్ మ్యూజియం నుంచి ఎత్తుకుపోయారు, 2005లో కోపెన్‌హాగెన్‌లో దొరికింది (అరచేతంత ఉంటే ఎత్తుకుపోరూ మరి). ఆంట్‌వెర్ప్‌లో పీటర్ స్టాస్ అని రేకులు చేసేవాడైతే వెనకాల తన ముద్ర కొట్టి మరీ అమ్మేవాడు, అంటే బ్రాండెడ్ ప్యానెళ్ళు అప్పుడే ఉన్నాయన్నమాట.

అన్నేళ్ళైనా ఆ బొమ్మలు చాలావరకు ఫ్రెష్‌గా ఉండటానికి కారణం సింపుల్. చెక్క, గుడ్డ గాలిలో తేమకి ఉబ్బుతాయి, ఎండకి ముడుచుకుంటాయి, పైన ఎండి గట్టిపడిన రంగు ఆ లాగుడికి పగుళ్ళిస్తుంది. రాగికి తేమతో ఆ ఉబ్బడం ముడుచుకోవడం ఉండదు. మన వానాకాలానికి ఇది పెద్ద ప్లస్సే.

ఇక కొనడం సంగతి. నేను రెండు రకాలూ వాడాను. ఆన్‌లైన్‌లో ‘రెడీ టు పెయింట్’ అని అమ్మేది తెప్పిస్తే మూల వంగిపోయి వచ్చింది, పైన అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ తీస్తే జిగురంతా రేకు మీదే ఉండిపోయింది, అది వదిలించేసరికి నా ఓపిక కూడా వదిలిపోయింది, రెడీ ఏంటో దానికే తెలియాలి. ఆ సెల్లర్ పేరు వద్దులెండి. దానికన్నా సికింద్రాబాద్ రాణీగంజ్‌లో రాగి, ఇత్తడి షీట్లు అమ్మే కొట్టుకి వెళ్ళి కోయించుకోవడం నయం. రేటు కిలో లెక్కన ఉంటుంది, మార్కెట్‌ని బట్టి మారుతూ ఉంటుంది, పైన 18 శాతం జీఎస్టీ, కాబట్టి వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి. 20 గేజ్ అడగండి, అంటే మిల్లీమీటరుకి కొంచెం తక్కువ. ఎనిమిది బై పది ఇంచుల ముక్క నాలుగొందల గ్రాముల పైనే తూగుతుంది. చవకని పల్చటిది తీసుకుంటే చేత్తో పట్టుకున్నా వంగుతుంది, వంగిన చోట రంగు పెచ్చులూడుతుంది, రాగి మీద బొమ్మకి అసలు శత్రువు ఆ సొట్టే. ఇంకో మాట, సాఫ్ట్ షీటు కాదు హార్డ్ షీటు కావాలని చెప్పండి, కత్తెరతో కాకుండా షీరింగ్ మెషిన్ మీద కొయ్యమనండి, లేకపోతే అంచులు సొట్టలు పోతాయి. పల్చటిదే దొరికితే వెనకాల ఏసీపీ షీటు ముక్క అంటించుకుంటే పని జరిగిపోతుంది, షాపుల బోర్డులకి వాడతారే అదే.

ఇంటికి తెచ్చాక ముందు అంచులు ఆకురాయితో రుద్దాలి, వేలు తెగుతుంది నిజంగా. తర్వాత 400 నంబర్ వాటర్ పేపర్‌తో గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ఆ మెరుపు పోయి మసక గులాబీ రంగుకి వస్తుంది, రంగు పట్టుకునేది ఆ సన్నటి గీతల్నే. చింతపండుతో తోమొచ్చా అంటే తోమొచ్చు, మన చెంబులు తోమినట్టే, కానీ పులుపు ఏమాత్రం మిగిలినా మళ్ళీ చిలుము పడుతుంది, బాగా కడిగి వెంటనే తుడిచెయ్యాలి. ఆఖర్న ఎసిటోన్‌తో తుడిచి ఇక వేళ్ళు పెట్టకూడదు, చెమట చేతి ముద్రలు అలాగే నల్లగా తేలతాయి, గ్లౌజులు వేసుకోండి. పాతకాలంలో వెల్లుల్లి రుద్దేవాళ్ళట, నేనూ రుద్ది చూశా, సరిగ్గా రుద్దిన రేకుకి దానివల్ల ఒరిగిందేమీ కనపడలేదు, రూమంతా పచ్చడి వాసన తప్ప.

యాక్రిలిక్ జెస్సో (కాన్వాస్‌కి రంగు వేసేముందు పూసే తెల్ల పూత) మాత్రం వద్దు, నీళ్ళతో చేసేది కదా, నున్నటి రాగిని గట్టిగా పట్టుకోదు. ఆయిల్ లేదా ఆల్కిడ్ ప్రైమర్ పల్చగా ఒక పూత వేసి బాగా ఆరనిస్తే చాలు. పాతవాళ్ళు కూడా ఎక్కువమంది సన్నటి ప్రైమింగ్ మీదే వేశారు.

నేను ఒక రేకుని మాత్రం ప్రైమర్ లేకుండా ఉంచి గుత్తి వంకాయలు వేశా. మొదటి లేయర్ చిరాకు తెప్పిస్తుంది, రాగి రంగుని పీల్చదు, బ్రష్ నూనె పూసిన పెనం మీద జారినట్టు జారిపోతుంది, ముందు గీసిన గీతని వెనకాల గీత లేపేస్తుంది. గరుకైన హాగ్ బ్రష్ (పంది వెంట్రుకలది) పక్కన పడేసి మెత్తటి సింథటిక్ పట్టుకున్నాకే దారికొచ్చింది. అది ఆరాక రెండో లేయర్ నుంచి మొదలవుతుంది అసలు మజా. అలిజరిన్ ఎరుపులో కాస్త అల్ట్రామెరైన్ నీలం కలిపి లిక్విన్‌తో (ఆయిల్ రంగుని పల్చన చేసి తొందరగా ఆరేలా చేసే మీడియం) పల్చగా వేస్తే, వంకాయ కింది అంచున పల్లెం వెలుగు తగిలే చోట అడుగునున్న రాగి ఎర్రగా తొంగిచూస్తుంది, ఆ వేడి రంగు ట్యూబులోంచి తెచ్చి కలుపుదామంటే కుదరదు. ముచ్చిక మీద చిన్న ముళ్ళు ఒక్క వెంట్రుక బ్రష్‌తో అలా పొడిస్తే అలా నిలబడ్డాయి. అయితే కింద వట్టి రాగి కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది, ఆకుపచ్చకీ తిరగొచ్చు, కాబట్టి అమ్మే బొమ్మలకి, ఆర్డర్లకి నేనైతే ప్రైమర్ లేకుండా వెయ్యను.

వైజాగ్, కాకినాడ వైపు ఉండేవాళ్ళకి ఇంకో సంగతి, ఉప్పుగాలికి రాగి తొందరగా పచ్చబడుతుంది, వెనకవైపు కూడా లక్కర్ పూసి సీల్ చెయ్యండి.

సైజు పెంచే కొద్దీ ఖర్చూ బరువూ రెండూ మీద పడతాయి. అడుగు బై అడుగు దాటితే నా ఉద్దేశంలో దండగే, అక్కడికి కాన్వాసో చెక్కో చాలు. 5కి 4 ఇస్తా, ఒకటి తగ్గించింది రేటు చూసి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు మాత్రం దగ్గరుండండి, మా ఫ్రేమ్ షాపతను మామూలు ఫొటోకి కొట్టినట్టు వెనక నుంచి రేకు మీదకే మేకు దించబోయాడు, అంచుల చుట్టూ ఫోమ్ టేపు పెట్టి వదులుగా బిగించమని చెప్పి చేయించుకోవాల్సి వచ్చింది.