సెర్చ్ ఫిల్టర్లకు క్వెరీ బిల్డరా, స్పెసిఫికేషనా?

మాదాపూర్‌లో అద్దె ఇల్లు వెతికే పేజీ రాస్తున్నారనుకోండి. ఏరియా, అద్దె, బెడ్‌రూమ్‌లు, లిఫ్ట్, మంజీరా నీళ్లు. వీటిలో యూజర్ ఏది నింపుతాడో, ఏది వదిలేస్తాడో ముందే తెలియదు. నింపినవాటిని బట్టి డేటాబేస్‌కు పంపే క్వెరీని (ప్రశ్నను) తయారు చేయడానికి రెండు పద్ధతులు చూద్దాం.

క్వెరీ బిల్డర్: విలువ ఉంటే కండిషన్ కలపడం, లేకపోతే వదిలేయడం, అంతే. ఒక్క పూటలో అయిపోతుంది, టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకూ చదవగానే అర్థమవుతుంది.

స్పెసిఫికేషన్: ప్రతి షరతూ ఒక చిన్న క్లాస్ లేదా ఫంక్షన్, వాటిని అండ్, ఆర్, నాట్‌తో కలుపుకోవాలి. మొదట్లో కోడ్ ఎక్కువే, కానీ "ఖాళీగా ఉన్న ఇల్లు" అనే నియమాన్ని ఒకచోట రాస్తే సెర్చ్‌లోనూ, రిపోర్టులోనూ, ఓనర్ల యాప్‌లోనూ అదే పనిచేస్తుంది, టెస్ట్ కూడా విడిగా రాయొచ్చు. జాయిన్లు (క్వెరీలో ఒక టేబుల్‌ను ఇంకో టేబుల్‌తో కలపడం) మాత్రం చూసుకోండి, రెండు స్పెసిఫికేషన్లు ఒకే టేబుల్‌ను రెండుసార్లు జాయిన్ చేసేస్తే క్వెరీ నెమ్మదిస్తుంది.

రిస్క్: ఏది ఎంచుకున్నా యూజర్ ఇచ్చిన విలువను పారామీటర్‌గానే, అంటే క్వెరీ టెక్స్ట్‌లో కలపకుండా విడిగా పంపండి. క్వెరీ టెక్స్ట్‌లోనే అతికిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (విలువ పేరుతో డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపే దాడికి) తలుపులు బార్లా తెరిచినట్టే. చాలామంది మర్చిపోయేది ఆర్డర్ బై (ఫలితాలను ఏ కాలమ్ ప్రకారం వరుసగా పెట్టాలో చెప్పే భాగం): కాలమ్ పేరు పారామీటర్‌గా వెళ్లదు, అందుకే అనుమతించిన పేర్ల జాబితాతో సరిచూడాల్సిందే.

ఒకటే పేజీ, ఏడెనిమిది ఫిల్టర్లు అయితే నేను బిల్డర్‌తోనే వెళ్తాను. అవే షరతులను మూడో చోట కాపీ చేయాల్సి వస్తే ఆ రోజే స్పెసిఫికేషన్‌కు మారిపోండి.